వంటసామాను బండి

“మొక్కింది నేను గదక్కా, పిల్ల కాదు. జర పిల్లనన్న బండిల పండవెడత.”

“పిల్ల కోసమే మొక్కినవ్ గద. అది బండెక్కితె మొక్కు చెల్లది. దించు.”

దించమన్నది నేనే. పంతొమ్మిది వందల అరవైల్లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, మట్టెవాడ నుంచి మరియమ్మ గుడికి రెండు రోజులు కాలినడకన పోయేవాళ్లం. ఒక ఏడు వంటసామాను బండికి నేను పెద్దను. ఆ పిల్ల తల్లి దారిలో ఒక ఊరి దగ్గర మాతో కలిసింది. ఎవరో మాకు తెలియదు. నాలుగేళ్ల పిల్లకు ఒళ్లు కాలిపోతోంది.

“గింత గట్టి గుండేందక్కా నీది,” అంది.

“మొక్కంటె ఆట గాదు,” అన్నాను.

పిల్లను చంకనెత్తుకుని, తల మీద కొంగు కప్పి నడిచింది. మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం బియ్యం తీస్తూ చూశాను. రెండు గోనెసంచులు జరిపితే పిల్లకు చోటుంది. ఒకరిని ఎక్కిస్తే అందరూ ఎక్కుతామంటారని పిలవలేదు. జ్వరం పిల్లను ఎత్తుకుని ఎవరైనా ఎదురొస్తే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

సాయంత్రం ఒక బడి వరండాలో ఆగాం. తెల్లవారేసరికి పిల్ల చనిపోయింది. ఆమె పిల్లను భుజాన వేసుకుని వచ్చిన తోవనే వెనక్కి పోయింది. మేము జపమాల అందుకుని గుడివైపు నడిచాం.