సైదులన్న సాక్ష్యం

మొన్న నల్గొండ బస్టాండులో బండి ఎక్కగానే చింతపండు పులుసు వాసన గుప్పుమన్నది. కొత్తగా వచ్చిన డ్రైవరు తన టిఫిన్ డబ్బాను ఇంజను మూత మీద పెట్టుకున్నాడు, మధ్యాహ్నానికి అన్నం వెచ్చగా ఉండాలని. "ఎవరు నేర్పారు బాబూ?" అని అడగబోయి ఆగిపోయాను. మా డిపోలో ఆ అలవాటు సైదులన్నది. ఆయన నడిపిన బస్సులో ఆరేళ్ళు కండక్టరుగా పనిచేశాను. ఆయన రిటైరయ్యాడు, ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు.

మీరు ఆయన్ని చూడలేదు కనుక చెబుతాను. సన్నని మనిషి, తెల్ల మీసం, ఖాకీ చొక్కా భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. అన్నేళ్ళు స్టీరింగు పట్టినా ఒక్క హారను దుబారా చేసినవాడు కాదు. రోడ్డుకు అడ్డంగా బర్రెలు నిలబడితే, "హారన్ కొట్టన్నా, టైమైపోతాంది!" అని నేను లోపలి నుంచి అరిచేదాన్ని. "బర్రెకేం తెలుస్తది చెల్లె మన టైము? దానికి తోవ దొరికితే అదే పోతది" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. "నోరు మంచిదైతే ఊరు మంచిది బిడ్డా" అని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఆ నోటితోనే ఒకసారి ఉద్యోగం పోగొట్టుకోబోయాను.

మా ఆయన రమేశ్‌ది మోటర్లకు వైండింగు చేసే పని. నకిరేకల్‌లో షాపు పెట్టుకున్న రోజుల్లో అక్కడ ఒకావిడతో సంబంధం పెట్టుకున్నాడు. ఆమె పేరు రాయను. రెండేళ్ళు సాగాక నాకు తెలిసింది. ఇంట్లో జరగాల్సిన రభస అంతా జరిగింది. అతను షాపు నల్గొండకు మార్చాడు, సిమ్ము మార్చాడు, పిల్లల మీద ఒట్టేశాడు, ఇక అయిపోయిందన్నాడు. అతనికి అయిపోయింది, నాకు అప్పుడే మొదలైంది. ఆమె దగ్గర అతని కొత్త నంబరు లేదు, నాది ఉంది. రోజుకు ఇరవై ఫోన్లు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వచ్చేవి. వాళ్ళిద్దరూ కలిసి దిగిన ఫోటోలు పంపేది. నెలల తరబడి అదే వరస. చివరికి, ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక, ఏకంగా నా బస్సే ఎక్కడం మొదలుపెట్టింది.

నకిరేకల్‌లో ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, ఆధార్ కార్డు నా మొహం మీదికి చాపేది. నేను జీరో టికెట్ కొట్టి ఇవ్వాలి. అది తీసుకుని పక్కనున్నావిడతో, బస్సంతా వినేట్టు, "ఈ కండక్టరమ్మ మొగడు నా తోటి ఉన్నప్పుడు ఈమె గురించి ఏమనేటోడో ఎర్కనా?" అని అందుకునేది. కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వేవారు. రోజూ నన్ను పలకరించే కూరగాయల ఆడవాళ్ళు తలలు దించుకునేవారు. నవ్విన వాళ్ళకంటే ఆ తల దించుకున్న వాళ్ళే నన్ను ఎక్కువ ఏడిపించారు. పన్నెండో రోజున మా బాపు ఊసెత్తింది. "సచ్చిపోయిన నాయిన నౌకరి తింటున్నవ్" అంది. అంతే, నోటికి ఎంత వస్తే అంత అన్నాను. ఇక్కడ రాసే మాటలు కావవి. తీరా చూస్తే ఆమె ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. నేను తిట్టింది మాత్రమే అందులో పడింది.

రెండు రోజులకు ఆ వీడియో, దానితోపాటు ఫిర్యాదు, డిపో మేనేజరు దగ్గరికి చేరాయి. ప్రయాణికురాలిని బూతులు తిట్టినందుకు సస్పెన్షన్ తప్పదని అందరూ అన్నారు. బాపు డ్యూటీలో ఉండగా పోతే ఆయన బదులు నాకు వచ్చిన ఉద్యోగం అది. అది పోతే, ఇద్దరు పిల్లలతో ఆ రమేశ్ చెయ్యి చూస్తూ బతకాలి. "ఫికర్ చెయ్యకు చెల్లె, నేనొస్త" అన్నాడు సైదులన్న. అవసరం పడితే తప్ప ఆఫీసు గడప తొక్కని మనిషి వస్తానన్నాడంటే, "ఈమె తిట్టలేదు సార్, వీడియో దొంగది" అని చెబుతాడనే అనుకున్నాను. గంపెడాశ పెట్టుకున్నాను.

"ఏమయ్యా, ఈమె తిట్టిందా?" అన్నాడు మేనేజరు, ఇద్దరినీ తన ముందు నిలబెట్టి.

"తిట్టింది సార్. నేను విన్న" అన్నాడు సైదులన్న.

నేను ఆయన వైపు గుర్రుగా చూశాను. ఆయన మాత్రం తొణక్కుండా చెప్పుకుపోయాడు. "గని సార్, గంతకు ముందుగాల పదకొండు రోజులు గామె తిట్టుకుంట వచ్చింది, ఈమె టికెట్ ఇచ్చుకుంట వచ్చింది. గది గూడ విన్న. ఏ తారీకు, ఏ టైము, యాడ ఎక్కింది, ఏమన్నది, రాసి పెట్టిన." జేబులోంచి ఒక చిన్న నోట్‌బుక్కు తీశాడు. కాగితాల నిండా గ్రీజు మరకలు, పెద్ద పెద్ద అక్షరాలు. మొదటి రోజు నుంచీ నాకు చెప్పకుండా రాస్తూ వచ్చాడట. "జర మందలించున్రి సార్, తప్పు మాటలే అన్నది. కొలువు మాత్రం తీయకున్రి." మేనేజరు ఆ పేజీలన్నీ చదివాడు. నన్ను గట్టిగానే కోప్పడి, సంజాయిషీ రాయించుకుని వదిలేశాడు.

బయటికి రాగానే కృతజ్ఞత చెప్పాల్సింది పోయి ఆయన మీదే విరుచుకుపడ్డాను. "తిట్టలేదంటే నీ సొమ్మేం పోతుండె అన్నా?"

"నేనొక్క అబద్ధం ఆడితే నా బుక్కుల ఉన్న నిజాలన్ని గంగల కలుస్తుండె" అన్నాడు. టీ తెప్పించాడు. నేను సగం తాగేదాకా ఆగి, "ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. ఇన్ని దినాల సంది మీరిద్దరు ఆడోళ్ళు నా బస్సుల కొట్లాడుతున్రు. గా రమేశ్ యాడున్నడు?" అన్నాడు.

"ఇంట్ల."

"ఏం జేస్తున్నడు?"

నేను ఇంటికి పోయి ఏడిస్తే "పట్టించుకోకు, అదే ఊకుంటది" అని టీవీ పెట్టుకునేవాడు. ఆ మాట సైదులన్నకు చెప్పడానికి సిగ్గేసింది. ఆమెను తిట్టుకోవడంలో పడి, అతన్ని అడగడమే మానేశానని అప్పుడు తెలిసొచ్చింది.

"రేపు ఎక్కించు బస్సు" అన్నాడు సైదులన్న.

రమేశ్ ఎక్కాడు. ఊరికే ఎక్కలేదు, రాకపోతే పిల్లలను తీసుకుని అమ్మ దగ్గరికి పోతానంటే ఎక్కాడు. టికెట్ కొట్టి చెయ్యి చాపితే వెర్రి చూపు చూశాడు. "మొగోళ్ళకు ఫ్రీ లేదు" అన్నాను. ముందు నుంచి సైదులన్న దగ్గు వినిపించింది. అది నవ్వని నాకు తెలుసు.

తిరుగు ట్రిప్పులో, నకిరేకల్‌లో ఆమె ఎక్కబోయి అతన్ని చూసి మెట్టు మీదే ఆగిపోయింది. సైదులన్న ఇంజను ఆపేశాడు. రమేశ్ లేచి నిలబడ్డాడు కానీ తల ఎత్తలేదు. "తప్పు నాది" అన్నాడు. "ఈమెను ఇడిసిపెడ్తనని నీకు అబద్ధం చెప్పిన. నీ సంగతి దాచి ఈమెకు అబద్ధం చెప్పిన. ఇగ నేను నీ తోటి రాను. ఏమన్నుంటే నన్ను అడుగు, ఈమె జోలికి రాకు."

"గీ మాట అప్పుడే నా మొకం మీద చెప్తే, నేను గీ బస్సెందుకు ఎక్కుతుంటి?" అందామె. గొంతు వణికింది. ఇన్నాళ్ళూ నన్ను వేధించిన గొంతు ఇదేనా అనిపించింది. సిమ్ము మార్చి పారిపోయాడే గానీ, ఇక వద్దన్న మాట అతను ఆమెకు చెప్పనే లేదని నాకు ఆ పూటే తెలిసింది. ఆమె వెనక్కి దిగిపోయింది. సైదులన్న ఇంజను స్టార్ట్ చేశాడు.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ఫోన్లు ఇంకో నెల వచ్చాయి. ఈసారి నేను తిట్టలేదు. రమేశే నా ఫోనూ, సైదులన్న నోట్‌బుక్కూ పట్టుకుని ఠాణాకు పోయి దరఖాస్తు ఇచ్చాడు, అందులో తన తప్పు కూడా రాసి. పోలీసులు ఆమెను పిలిచి గట్టిగా చెప్పారు. దాంతో ఆగింది. నా సంసారం నడుస్తోంది. ముందులా ఉందని మాత్రం చెప్పను, అతుకు వేసిన చోట చెయ్యి తగులుతూనే ఉంటుంది.

సైదులన్న రిటైరయ్యే నెలలో ఆమె మళ్ళీ మా బస్సెక్కింది. వెంట ఒక ముసలమ్మ ఉంది, తల్లి కాబోలు, దవాఖానకు తీసుకుపోతోంది. ఈసారి నా మొహం చూడకుండా కార్డులు చూపింది. రెండు జీరో టికెట్లు ఇచ్చాను. దవాఖాన దగ్గర ఆమె ముందు దిగింది. ముసలమ్మ మెట్టు మీద తడబడింది. ఆ క్షణాన నాలోని పాడు మనసు "రైట్" అని అరవమంది. అద్దంలో సైదులన్న నన్నే చూస్తున్నాడు. బండి కదిలించలేదు. నేను వంగి ముసలమ్మ జబ్బ పట్టుకున్నాను. కింద నుంచి ఆమె రెండో చెయ్యి అందుకుంది. "పైలం, మెల్లగ" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

ఆమెను నేను క్షమించలేదు. క్షమించమని సైదులన్న ఎన్నడూ అడగలేదు కూడా. కానీ ఆ రోజు నుంచీ, దిగుతున్నది ఎవరైనా సరే, రెండు కాళ్ళూ నేల మీద ఆనేదాకా నేను "రైట్" అనను.