తెలవదని చెప్పిన డాక్టరమ్మ

వహీదా పుట్టి పెరిగింది పత్తర్‌గట్టి వెనక గల్లీలో. తండ్రి బాబూమియా బట్టల దుకాణంలో గుమాస్తా. ఆడపిల్లకు డాక్టరు చదువేమిటని బంధువులంతా ముక్కున వేలేసుకుంటే, ఆయన పట్టించుకోలేదు. పరదా కట్టిన జట్కా ఒకటి మాట్లాడి, ఐదేళ్లూ కూతురిని కాలేజీకి పంపించాడు.

1936లో ఆమె నయాపూల్ దగ్గర ఆడవాళ్ల దవాఖానాలో చిన్న డాక్టరుగా చేరింది. చేరిన కొత్తలోనే రాళ్లు మోసే ఆగమ్మ తన కూతురు లచ్చవ్వను తీసుకొచ్చింది. పదేళ్ల పిల్ల. ప్లేగులో తండ్రి పోయిన నాటి నుంచి నోరు విప్పడం లేదు, ముద్ద మింగడం లేదు. వహీదా గొంతు చూసింది, చెవులు చూసింది, గుండె విన్నది. ఎక్కడా రోగం కనబడలేదు. పుస్తకాల్లో వెతికితే పిల్లల మనసు గురించి ఒక్క పేజీ కూడా దొరకలేదు. పెద్ద డాక్టరు పిచ్చాసుపత్రికి రాయమన్నాడు. రాసింది. మంచిగైతుందని ఆగమ్మకు మాట కూడా ఇచ్చింది.

మూడు నెలల తరువాత కబురు తెలిసింది. పిల్లల గది లేని ఆ ఆసుపత్రిలో, పెద్దవాళ్ల నడుమ, లచ్చవ్వ విరేచనాలు పట్టుకుని చనిపోయింది.

వహీదా నిద్రాహారాలు మాని నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు ఆగమ్మ గుడిసె వెతుక్కుంటూ వెళ్లి, పిల్లను పిచ్చాసుపత్రికి పంపిన కాగితం మీద సంతకం తనదేనని చెప్పింది. ఆగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చేతిలోని గంప కింద పెట్టింది.

"తెలవకుంటే తెలవదని చెప్పాలె గదమ్మా," అంది. "నేను ఇంటికి తోల్కపోతుంటి. పిల్ల నా పక్కలనన్న పండుతుండె."

ఆ మాట వహీదాను నిలవనివ్వలేదు. బొంబాయిలో పిల్లల మనసుకు వైద్యం చేసే చోటు ఒకటి కొత్తగా తెరిచారని పేపర్లో చదివి ఉత్తరం రాసింది. పిచ్చివాళ్ల డాక్టరైతే పెళ్లి సంబంధం ఎవరు తెస్తారని తల్లి మొత్తుకుంది. బాబూమియా మాత్రం టికెట్టు కొనుక్కొచ్చాడు.

1938లో పది నెలలు ఆమె బొంబాయిలో ఉంది. అక్కడ మొదట చేతిలోంచి స్టెతస్కోపు తీసేసుకున్నారు. నేల మీద చాప పరిచి, మట్టిబొమ్మలు పోసి, పిల్లలతో కూర్చోమన్నారు. కూర్చున్న గంటలో జరిగిందంతా సాయంత్రం రాసి చూపించాలి. పాఠం చెప్పే పెద్దావిడ మొదటి వారం వహీదా రాసినది చదివి, "నలభై ప్రశ్నలు అడిగావు. పిల్లకు మాట్లాడే సందేది?" అంది. వహీదాకు సిగ్గేసింది. ఊరుకోవడం నేర్చుకోవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఆ తరువాత పిల్లల ఇళ్లకు వెళ్లడం నేర్చుకుంది. పిల్ల రోగం సగం ఇంట్లో వాళ్ల మాటల్లో దాగి ఉంటుందని అక్కడే తెలిసింది.

తిరిగివచ్చాక దవాఖానాలో అలాంటి విభాగం రూల్సులో లేదన్నారు. పాత మంచాలు పడేసే గది ఒకటి, వారానికొక్కరోజు, గురువారం, దయతలచి ఇచ్చారు. వహీదా, ఆయమ్మ మాణిక్యమ్మ కలిసి ఆ గది కడుక్కున్నారు. రెండు నెలలు ఒక్కరూ రాలేదు.

ఆపైన ఒక గురువారం ఎల్లమ్మ వచ్చింది, పన్నెండేళ్ల కూతురు కళావతిని వీపున మోసుకుని. ఐదు నెలలుగా పిల్లకు కాళ్లు పడిపోయాయి. దర్గాకు తిప్పింది, తాయెత్తు కట్టించింది. ఏం రోగమని అడిగింది.

"నాకింకా తెలవదు," అంది వహీదా. "ప్రతి గురువారం తోల్కరా. చూద్దాం. దర్గాకు పోవుడు గూడ బంద్ చెయ్యకు."

ఎల్లమ్మ తెల్లబోయింది. అయినా వచ్చింది.

ఆరు గురువారాలు కళావతి బొమ్మల వంక చూడనైనా చూడలేదు. వహీదా పక్కన కూర్చుని ఊరుకుంది. ఏడోసారి ఆ పిల్ల ఒక చిన్న బొమ్మను తీసి నీళ్ల ముంతలో వేసింది. వేసి, చూస్తూ కూర్చుంది.

"చెల్లె," అంది. "బాయి కాడ ఉండె. లోపల పడ్డది. బిందె పడేసి ఉరికిన. అందలే."

వహీదా కళ్లు నిండాయి. అయినా మాటకు అడ్డుపడలేదు.

"అమ్మ అన్నది, నీ కాళ్లు పడిపోను, జర జల్ది ఉరకరాలేదా అని."

ఆ రోజు వహీదా ఎల్లమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి పిల్ల చెప్పినదంతా చెప్పింది. ఎల్లమ్మకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. గుర్తొచ్చాక కొంగు నోట్లో కుక్కుకుంది. తప్పు పట్టడానికి పిలవలేదని, దుఃఖంలో తల్లి నోట అలాంటి మాటలు వస్తాయని వహీదా నచ్చజెప్పింది. కానీ వాటిని వెనక్కి తీసుకోవలసింది డాక్టరు కాదని కూడా చెప్పింది.

మరుసటి గురువారం ఎల్లమ్మ చాప మీద కూతురి కాళ్లు ఒళ్లో పెట్టుకుంది.

"నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో బిడ్డా. నువ్వు ఉరికినవ్. నేను జూసిన. నీ తప్పు లేదు."

కళావతి ఆ రోజు లేచి నడవలేదు. వెక్కివెక్కి ఏడ్చింది, అంతే. నెలకు నిలబడింది. వానలు వెనకపట్టేసరికి గోడ పట్టుకుని నడిచింది. బావి దగ్గరికి మాత్రం ఎన్నడూ పోలేదు. ఎల్లమ్మ కూడా పంపలేదు.

1947 నాటికి వహీదా దగ్గర ఇద్దరు నర్సులు ఈ పని నేర్చుకుంటున్నారు. విభాగం ఇంకా మంజూరు కాలేదు, ఆమెకు పెళ్లీ కాలేదు. బాగుపడని పిల్లలూ ఉన్నారు, మధ్యలో మానేసినవాళ్లూ ఉన్నారు. గురువారం పొద్దున మాత్రం ఆ గది ముందు వరండాలో తల్లులు పిల్లలను ఒళ్లో వేసుకుని కూర్చునేవారు. మాణిక్యమ్మ చాపలు దులిపి పరిచి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచేది.