అద్దం తలుపు బయట జంగన్న

జంగన్న లేడట.

నిన్న సాయంత్రం ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర ఉండగా మా ఫ్రెండ్ శ్రీను ఫోన్ చేసి చెప్పాడు. "ఏ జంగన్న?" అని అడిగాను. మనకు ఎంతమంది జంగన్నలున్నారు? ఒక్కడే. అయినా అడిగాను.

వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. గ్రీన్ పడిందని కూడా తెలియలేదు.

ఇవాళ పొద్దున బడంగ్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళి చూసి వచ్చాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, షాపుల పైన ఫస్ట్ ఫ్లోర్‌లో మా అడ్డా ఉంది. బోర్డు మీద పబ్ అండ్ రెస్టారెంట్ అని రాసి ఉంటుంది. ఏసీ ఒక్కోరోజు పనిచేస్తుంది, ఒక్కోరోజు మొరాయిస్తుంది. చికెన్ మెజెస్టిక్ మాత్రం ఎప్పుడూ అదుర్స్. ఆదివారాలు ఫ్యామిలీలు బిర్యానీకి వస్తాయి. మ్యాచ్ ఉన్నరోజు మాలాంటివాళ్ళం పెద్ద స్క్రీన్ కోసం చేరతాం.

దాని కిందనే జంగన్న చీరల షాపు. పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చిన కుటుంబం. మ్యాచ్ మొదలైతే షట్టర్ సగం దించి పైకి వచ్చేసేవాడు.

ఒకరోజు మనవాళ్ళు ఓడిపోయేలా ఉన్నారు. జంగన్నకు ఫోన్ వచ్చింది. ఆ గోలలో వినబడక అద్దం తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. వెంటనే సిక్స్. లోపలికి వచ్చాడు, వికెట్ పడింది. మేం ఏమీ అనకముందే తనే లేచాడు.

"నాది ఐరన్ లెగ్గురా. నేను బయటుంట. మీరు చూడుండ్రి."

గెలిచాం.

ఆ పేరు మేమెవరం పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు. ఇక అప్పటినుంచి టెన్షన్ మ్యాచ్ అయితే చాలు, జంగన్న బయటే. మేనేజర్ ఆయన కోసం తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయించాడు.

ఒకసారి ముక్కూ మొహం తెలియని కస్టమర్ ఒకాయన పక్క టేబుల్ నుంచి వచ్చి చేతులు జోడించాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, జర బయటికి పో. ఇంక నాలుగు బంతులే ఉన్నయి."

హాలంతా పగలబడి నవ్వింది. జంగన్న ఎలక్షన్లలో నిలబడ్డవాడిలా అందరికీ చెయ్యి ఊపుకుంటూ వెళ్ళాడు. గెలిచాక ఆ పెద్దమనిషి బయటికి ఒక ప్లేటు చిల్లీ చికెన్ పంపించాడు. జంగన్న, సెక్యూరిటీ తాత కలిసి లాగించేశారు.

బయటినుంచి స్క్రీన్ కనబడదు. ఆయన అద్దంలోంచి మా మొహాలే చూస్తూ ఉండేవాడు. మేం ఎగిరి గంతేశామా, తల పట్టుకున్నామా అన్నదే ఆయనకు స్కోరు.

నిన్నటినుంచి కళ్ళు మూస్తే అదే. అద్దానికి అవతల ఆ మొహం.

ఒకసారి అడిగాను, ఇదంతా నిజంగా నమ్ముతావా అన్నా అని.

"నమ్ముడేంది తమ్మీ, బయట గాలి మంచిగొస్తది" అని నవ్వాడు. నేనూ నవ్వి వదిలేశాను.

నిన్న శిరీషకు పెళ్ళిచూపులు. జంగన్నకు ఒక్కతే కూతురు. ఇంతకుముందు వచ్చిన సంబంధాలు మాటల దాకా వచ్చి తప్పిపోయాయి. నిన్న తుర్కయంజాల్ నుంచి అబ్బాయివాళ్ళు వచ్చారు. కాఫీలయ్యాయి. అసలు మాటలు మొదలవుతుండగా జంగన్న లేచి, భార్య అరుణ వదిన చెవిలో, "మీరు మాట్లాడుండ్రి. నేను జర కింద ఉంట" అన్నాడట.

కూల్‌డ్రింకుల కోసమేమో అనుకుంది వదిన.

కింద గేటు దగ్గర నిలబడ్డాడు. ఎదురింటావిడ చూసింది. చొక్కా చెమటతో తడిసిపోయి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడట. "పైకి కేకెయ్యనా అన్నా" అని ఆమె అడిగితే వద్దని చెయ్యి ఊపాడట.

"ఒద్దక్కా. పైన మాట నడుస్తున్నది. కానియ్యి."

పైన సంబంధం కుదిరింది. ఆ సంగతి చెప్పడానికి వదిన సంతోషంగా మెట్లు దిగి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

రాత్రంతా నాకు నిద్ర లేదు. ఆయన బయటికి వెళ్ళాడు, లోపల పని అయింది. ఈ ఒక్కసారి కాకపోయినా బాగుండేది. ఆ గేటు దగ్గర నిలబడి, పైన ఎవరైనా నవ్వుతారేమోనని చెవులు రిక్కించి ఉంటాడు. నవ్వారట. ఆయనకు వినబడిందో లేదో ఎవరూ చెప్పలేరు.

అసలు ఈ పోస్ట్ ఎందుకు రాస్తున్నానంటే...

పొద్దున శవం పక్కనే కూర్చుని చుట్టాల్లో ఒకామె అన్నది. "సంబంధం కుదరంగనే నాయన పాయె. పిల్లది గూడ ఐరన్ లెగ్గే."

శిరీష తండ్రి కాళ్ళ దగ్గరే ఉంది. ఏడుపు ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత మెల్లగా లేచి, ఒక్కతే వెళ్ళి గేటు బయట నిలబడింది.

వెనకే వెళ్ళాను.

"లోపలికి రా బిడ్డా. నాయన దగ్గర కూర్చో."

"ఒద్దు కాకా. నేను ఈడనే ఉంట."

అచ్చం ఆయన గొంతే.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి వదిన పక్కన కూర్చోబెట్టాను. ఆ చుట్టాలావిడను ఏమన్నానో ఇక్కడ రాయను. తుర్కయంజాల్ వాళ్ళు వచ్చి దండ వేసి వెళ్ళిపోయారు. మాట మీద ఉంటారో లేదో తెలియదు. మీలో వాళ్ళను ఎరిగినవాళ్ళుంటే ఒక్క మాట చెప్పండి, ఆ పిల్ల బంగారం అని. ఇంకో మాట ఎవరి నోట వచ్చినా నేను ఊరుకోను.

జంగన్నా, ఆ పేరు నువ్వే పెట్టుకున్నావు. నీతోనే తీసుకుపో. పిల్లకు వదిలి వెళ్ళకు.

ఇక ఎవరి కోసమూ లేవకు అన్నా. హాయిగా కూర్చో.