వెనుక సీట్లో మా అన్న

మాది ఇస్నాపూర్. తలపాగ లేనిదే కారెక్కని మా అన్న నిరుడు పోయాక, ఆయన కారు నా చేతికి వచ్చింది. ఇన్సూరెన్స్ ఎక్కడ చవకగా దొరుకుతుందా అని నలుగురినీ అడుగుతుండగానే గడువు దాటిపోయింది. చివరికి పటాన్‌చెరు ఏజెంటు ఒకడు ఉపాయం చెప్పాడు.

"మీ పేరుకు మార్చుకోకుండ్రి కాకా. మీ అన్న పేరు మీదనే ఉంటే పాత తగ్గింపు వస్తది. ఆయన సంతకం మీరే పెట్టుండ్రి."

నేను అరవై ఏళ్లకు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అన్న సంతకం అచ్చం దించేశాను. వేలిముద్ర రోజుల్లో ఈ దొంగపని నాకు చేతనయ్యేది కాదు.

గడువు దాటింది కాబట్టి కారును వీడియో కాల్‌లో చూపించమన్నాడు. మిట్టమధ్యాహ్నం ఒక్కడినే ఫోను పట్టుకుని కారు చుట్టూ తిరిగాను.

"ఆగుండ్రి కాకా. ఎనక సీట్ల తలపాగ కట్టుకున్న పెద్దమనిషిని జెర దిగమనుండ్రి. లోపల మనుషులుంటే పాస్ చెయ్యరు."

తలుపు తెరిచాను. ఎవరూ లేరు. సీటు మాత్రం మనిషి బరువుకు దిగినట్టు గుంటపడి ఉంది.

"దిగిండా?"

"ఇంక దిగలే బిడ్డా. కాగితం నా పేరుకే మార్చు," అన్నాను ఫోనులో.

ఎండలో నీడ పడిందంటారేమో, మీ ఇష్టం. నేను మాత్రం ఆ కాగితం చింపేసి, ఎక్కువ పైసలు కట్టి, నా సంతకమే పెట్టాను. వంకరగా వచ్చింది. అయినా అది నాది.