అరలో దొరికిన అడాప్టరు

ఆ వీధిలో ఆవిడను అందరూ శుభ్రం పిన్ని అనే పిలిచేవారు. ఆవిడ ఇంట్లో ఈగ కూడా కాళ్ళు కడుక్కునే వాలుతుందని పక్కింటి టైలరు వెక్కిరింపు. లాండ్రీ కౌంటరులో కూర్చుని ఊరందరి మరకలూ చూసి చూసి ఆ జబ్బు పట్టుకుందని మొగుడు అనేవాడు. ఆయన రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న కంప్యూటరు ఒకటి, దానికి చెప్పుల పెట్టె అంత హార్డ్ డిస్కు ఒకటి, ఆ డిస్కుకు కరెంటు అందించే ఇటుకంత నల్లటి అడాప్టరు ఒకటి వెనక గదిలో ఉండేవి. ఆయన గీసిన ఇళ్ళ ప్లాన్లన్నీ ఆ డిస్కులోనే. ఆదివారం పొద్దున అది గుర్రుపెడుతూ మేలుకుంటుంటే ఎదురుగా కూర్చుని కాఫీ తాగడం ఆయనకు వారమంతటికీ సరిపడా సంబరం.

ఒక శనివారం పిన్ని ఆ వెనక గది మీద పడింది. తెగిన వైర్లు, పగిలిన స్విచ్చులు, దేనికీ పనికిరాని ప్లగ్గులు ఒక సంచిలో కుక్కి పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. అడాప్టరు కూడా అందులోనే పోయింది.

మర్నాడు ఆయన అడాప్టరు కోసం అరలన్నీ వెతుకుతుంటే ఆవిడకు ఆ సంచి గుర్తొచ్చింది. చెప్పేద్దామని గుమ్మం దాకా వచ్చింది. ఈలోగా ఆయనే తల గోక్కుంటూ, "ఎక్కడ పెట్టి మరిచిపోయానో, నా బుర్ర పాడుగాను!" అన్నాడు.

పిన్ని నోరు మూసుకుంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషని ఆయన్ని పదిమందిలో ఆటపట్టించడం పెళ్ళైనప్పటినుంచీ ఆవిడకు అలవాటు. ఆ మతిమరుపు ఖాతాలో ఇదొకటి పడితే ఏం మునిగిపోతుందిలే అనుకుంది. తప్పించుకున్నందుకు ఆ పూట ఆవిడకు హాయిగా కూడా ఉంది.

నిజంగానే మునిగింది. ఆయన అన్నగారు చివరి రోజుల్లో కన్నబిడ్డల్ని కూడా పోల్చుకోలేకపోయాడు. "అన్నయ్యకి కూడా ఇలాగే మొదలైంది. ముందు తాళాలు, తర్వాత మనుషులు," అన్నాడాయన ఒకరోజు భోజనం మధ్యలో. తర్వాత స్కూటరు తీయడం మానేశాడు. బజారుకు ఒంటరిగా వెళ్ళడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే ముందు పెళ్ళాం మొహం చూసి, అప్పుడు జవాబు చెప్పేవాడు. పిన్ని తేలు కుట్టిన దొంగలా తిరిగింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడు. అందుకని అలాంటి అడాప్టరే ఇంకొకటి తెచ్చి, ఉన్నచోట పెట్టేద్దామనుకుంది.

పాత సామాన్ల కొట్టువాడు రాగి తీగ లాగేసి, మిగతాది ఎప్పుడో పారేశానన్నాడు. రేడియోలు బాగుచేసే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ కంపెనీ మూతపడి ఎన్నేళ్ళయిందో! ప్లగ్గు పట్టింది కదా అని ఏదో ఒకటి పెట్టారనుకోండి, డిస్కు మాడిపోతుంది. నంబరు కూడా అదే కావాలి."

డిస్కు వెనక ఉన్న అడాప్టరు నంబరు లాండ్రీ రసీదు మీద రాసుకుని ఆవిడ తిరగని వీధి లేదు. ఒక కొట్టులో, నంబరు చెరిగిపోయినా చూడ్డానికి అచ్చం అలాంటిదే దొరికితే గంతేసినంత పని చేసింది. రేడియో ఆయన మీటరు పెట్టి చూసి, "ఇది పెట్టారో, డిస్కు మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి, అలాంటి కంప్యూటరూ డిస్కూ ఒకప్పుడు ఒక ఫొటో స్టూడియోలో ఉండేవని ఆయనకే గుర్తొచ్చింది.

స్టూడియోలో కంప్యూటరు లేదు గానీ, తలుపు గాలికి కొట్టుకోకుండా కింద నల్లటి ఇటుకలాంటిది అడ్డం పెట్టి ఉంది. పిన్ని అక్కడే చతికిలబడి దాన్ని తిరగేసింది. అదే నంబరు.

"దాంతో మీకేం పనమ్మా?" అన్నాడు స్టూడియో ఆయన.

"మా ఆయన కోసమండీ. తెలియకుండా తీసుకెళ్ళి సంతోషపెడదామని."

స్టూడియో ఆయన పొంగిపోయాడు. డబ్బు ముట్టనన్నాడు. "మీలాంటి భార్య దొరకడం ఆయన అదృష్టమమ్మా! మా ఆవిడకి చెప్తాను, నేర్చుకుంటుంది."

పిన్నికి తల తీసేసినట్టయింది. థాంక్సు కూడా చెప్పకుండా అడాప్టరు తీసుకుని బయటపడింది.

రేడియో ఆయన మీటరు పెట్టి బాగుందన్నాడు. దారిలోనే అలవాటు కొద్దీ దాన్ని మెరిసేలా తుడిచేసిన పిన్ని, తీరా అరలో పెట్టబోతూ ఆగింది. ఇన్నాళ్ళు మూలన పడి ఉన్న వస్తువు ఇంత శుభ్రంగా ఉంటుందా? పోనీ చల్లుదామంటే ఆ ఇంట్లో దుమ్ము ఉంటే కదా! పక్కింటి మేడ మెట్ల కింద నుంచి గుప్పెడు తెచ్చి, పిండి జల్లించినట్టు దాని మీద జల్లించింది. తర్వాత చేతులు ఎంత కడుక్కున్నా ఆవిడకు తన మీద తనకు పుట్టిన అసహ్యం పోలేదు.

మర్నాడు ఆదివారం. "ఏవండీ, ఆ కింది అరలో డబ్బాల వెనక చూశారా?" అంది, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ.

ఆయన వెళ్ళాడు. వంటింట్లో పిన్ని ఆ గుర్రు కోసం చెవులు రిక్కించింది. ఏ చప్పుడూ లేదు. వెళ్ళి చూస్తే ఆయన అడాప్టరు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడి ఉన్నాడు.

"ఇక్కడే ఉంది," అన్నాడు. "ఈ అర ఎన్నిసార్లు చూశానో. డబ్బాలన్నీ తీసి, చేత్తో తడిమి చూశాను. ఎదురుగా ఉన్నది కనపడలేదంటే ఇంకేం మిగిలింది? నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తెలివి ఉండగానే మన అమ్మాయికి కూడా నేనే చెప్తాను."

పిన్ని ఆయన ఎదురుగా కూర్చుంది. "అది అక్కడ లేదండీ. మీ అడాప్టరు నేనే పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఇది వేరేది. నిన్ననే తెచ్చి పెట్టాను."

ఆయన ఆవిడ వంక జాలిగా చూశాడు. "నన్ను ఊరడించడానికి ఇన్ని తంటాలెందుకు? ఎంత దుమ్ము పట్టిందో చూడు. నువ్వు పెట్టిన వస్తువు ఇలా ఉంటుందా?"

ఒట్టేసింది. ఏడ్చింది. ఆవిడ ఎంత ఏడిస్తే ఆయన అంత బుజ్జగించాడు. ఇక లాభం లేదని అడాప్టరు సంచిలో వేసుకుని, ఆయన్ని చెయ్యి పట్టుకుని స్టూడియోకు లాక్కెళ్ళింది.

స్టూడియో ఆయన గుర్తుపట్టి, "మీ ఆయనేనా? అదృష్టవంతులండీ మీరు!" అన్నాడు.

"మీకు అబద్ధం చెప్పానండీ," అంది పిన్ని. ఫొటోలు దిగడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళ ఎదుటే మొత్తం చెప్పింది. సంచిలో కుక్కి ఇచ్చేసిందీ, నోరు మూసుకున్నదీ, ఆయన రోజురోజుకీ కుంగిపోతుంటే చూస్తూ ఊరుకున్నదీ, దుమ్ము చల్లిందీ, ఏదీ దాచలేదు. స్టూడియో ఆయన కెమెరా తుడుస్తున్నట్టు నటించాడు.

మొగుడు అడాప్టరు పట్టుకుని స్టూడియో ఆయన దగ్గరికి వెళ్ళాడు. "ఇది మీ తలుపు దగ్గర ఉండేదా?"

"అవునండీ, నిన్నటిదాకా."

"అయితే మా అరలో లేదన్నమాట."

"ఎలా ఉంటుందండీ?"

మొగుడి మొహం విప్పారింది. కోపం తెచ్చుకునే తీరిక కూడా ఆయనకు లేకపోయింది. బెంచీ మీద ఉన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళ వైపు తిరిగి, "నాకేం కాలేదండీ! నా బుర్ర బాగానే ఉంది!" అన్నాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. పిన్ని రెండు చేతులూ పట్టుకుని, "చెప్పావు, నా తల్లీ, చెప్పావు," అని పదేపదే అన్నాడు. ఆయన ఇన్నాళ్ళూ ఎంత భయపడ్డాడో ఆవిడకు ఆ సంతోషం చూశాకే తెలిసింది. ఆ చేతులు విడిపించుకోలేక, ఆ మొహంలోకి చూడలేక అక్కడే నిలబడిపోయింది.