నల్లబడింది టీవీ కాదు

ఆళ్లగడ్డలో మా బడి టీవీకి ఎట్టకేలకు ఈ రోజు నెట్ అందింది. అంతరిక్షం నుంచి తీసిన భూమి వీడియో పెట్టాను. సగం పగలు, సగం రాత్రి.

ఎనిమిదో తరగతి పద్మ లేచి, "మాకు పొద్దు మునిగినాక ఫోన్ చేస్తే, కువైట్‌లో మా నాయన ఇంకా ఎండే అంటాడు. ఎందుకు సార్?" అని అడిగింది. చీకటి అంచు ఎలా కదులుతోందో చూపిద్దామని నేను తెర దగ్గరికి వెళ్లేలోపే హెడ్మాస్టరు గారు వచ్చారు.

"ఏందప్పా, టీవీ సగం నల్లగైపోయింది. కాలిపోతాదేమో" అంటూ ప్లగ్ పీకేశారు.

"అది రాత్రి సార్."

"పట్టపగలు రాత్రేందప్పా."

సాయంత్రం నంద్యాల నుంచి మెకానిక్ వచ్చి, టీవీకి ఏమీ కాలేదని తేల్చాడు.

"చూసినావా, నేను ఆపబట్టే మిగిలింది" అన్నారు హెడ్మాస్టరు గారు.

పద్మకు జవాబు రేపు చెప్తాను. ఈయనకేం చెప్పాలో మీరే చెప్పండి.