అమ్మమ్మ కాలి తాళం

“తప్పంతా నాదేనమ్మా! నేను మిషను తొక్కుతుంటే దీని వేళ్లు తాళం తప్పేవే కావు. మా మనవరాలు గట్టిదేనని తెగ మురిసిపోయాను,” అంది దర్జీ అమ్మమ్మ, పక్కింటి అమ్మాయితో.

ఎల్లుండే పాపకు పియానో మొదటి పరీక్ష. రెండు నెలలుగా ఒకే గదిలో ఆమె కుట్టుపని, పాప సాధన. ఈ పొద్దున దారం తెగి మిషను ఆగింది. పాప చేతులూ టక్కున ఆగిపోయాయి. పిల్ల ఇన్నాళ్లూ వాయించింది తన కాలి తాళానికేనని అమ్మమ్మకు అప్పుడు తెలిసింది.

“పరీక్షకి మిషను మోసుకెళ్దామా అమ్మమ్మా?”

“నోర్ముయ్యవే తుంటరిదానా! ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ వాయించు.”

పాప మొదలుపెట్టింది, మూడో వరుసలో తడబడింది, మళ్లీ అందుకుంది. అమ్మమ్మ మిషను జోలికి పోకుండా కాలు మడిచి కూర్చుని, పక్కింటి అమ్మాయి వైపు తిరిగింది.

“నువ్వెళ్లి ఎదురింటి డాక్టరుగారితో చెప్పమ్మా, ఎల్లుండి దాకా ఆయన కోటు కుట్టడం కాదని. ఎందుకని అడిగితే, నాకు కాలు నొప్పని చెప్పు.”